పెట్టె తెరిచిన రాత్రి

పెదజాలరిపేట మలుపులో మేడ మీది గది.
కిటికీ చువ్వలకు ఉప్పు తుప్పు.
హుద్‌హుద్‌కి పగిలిన అద్దం చోట
ఇంకా అట్టముక్కే.
లాప్‌టాప్ కింద రెండు ఇటుకలు, వేడెక్కకుండా.

మూడేళ్ళుగా నేనొక కిటికీలోకి చూడలేదు.
ఇది కాదు. గ్రాఫులో కిటికీ.
ఎక్కడ దొరకొచ్చని లెక్కేసుకున్నామో
సరిగ్గా అక్కడే గంతలు కట్టుకోవడం మా నియమం.
ఆశపడ్డ కన్ను
లేనిదాన్ని కూడా చూస్తుంది కదా.

జెనీవా పక్కన, వంద మీటర్ల లోతున
ఒక సొరంగం చుట్టు. సాగదీస్తే
ఇక్కణ్ణించి భీమిలి దాటిపోతుంది.
అందులో ప్రోటాన్ల గుంపులు
సెకనుకి నాలుగు కోట్లసార్లు ఎదురుపడతాయి.
ఓ వెయ్యి ఉంచుకుంటాం.
మిగతావి పారబోస్తాం.
ఆ పారబోసినదాంట్లో ఉండి ఉంటే?
అది అడక్కూడని ప్రశ్న.
అందరం అడుగుతాం, టీ దగ్గర.

కింది వాటాలో కాసులమ్మ.
"పంతులమ్మా, పడిందా నీ సేప?"
"ఇంకా లేదు."
"ఏటి సేపమ్మా అది, మూడేళ్ళు!"
చెప్పాను: కంటికి కనబడదు, దేన్నీ తాకదు,
అటు ఎగిరిన ముక్కలన్నీ కూడితే
ఇటు లెక్క తగ్గుతుంది, ఆ తగ్గినదే అది.
నవ్వుతుందనుకున్నా.
చేటలో నెత్తళ్ళు ఏరుతూ, తలెత్తకుండా,
"మా ఎల్లాజీ అంతే సెప్తాడు.
సీకట్లో నీటికింద ఏటుందో ఎవుడికి అవుపిస్తాది?
పడవ ఒరగాల.
అటేపు ఒరిగిందంటే అటేపు బరువుంది."

మా గైడు సన్యాసిరావు గారికి ఈ మాట చెబితే
నిమిషంసేపు ఏమీ అనలేదు.
తర్వాత, "థీసిస్‌లో రాయకు" అన్నారు.

నిన్న రాత్రి పదకొండున్నరకి అనుమతి.
తెరవచ్చు. ముందు సగం డేటా మీదే.
తెర మీద నాలుగు దేశాల ముఖాలు.
జెనీవాలో ఎవరో రొట్టె నములుతున్నారు.
ఎవరి మైకులోనో కుక్క మొరిగింది.
మా వీధిదే.
ఎంటర్ నొక్కాను.

చుక్కలు దిగాయి, గీతకి కాస్త పైన, కాస్త కింద,
మర్యాదగా.
ఒకచోట మాత్రం
గూని.

చిన్నదే. దూరాన్నించి చూస్తే
డాల్ఫిన్స్ నోస్ కొండ
సముద్రంలోకి పొడుచుకొచ్చినంత.
చెవుల్లో హార్బరు సైరన్.
ఓడదో, నాదో.

మిగతా సగం లెక్క నడవడానికి నలభై నిమిషాలు.
ఆ నలభై నిమిషాలూ
లోకంలో కొత్తది ఒకటి ఉంది.
దానికి పేరు పెట్టకుండా ఉండడానికి
పెన్ను మూత కొరికి కొరికి పిప్పి చేశాను.

తర్వాత గూని కుంగింది.
పీత తవ్విన గుంత మీద అల వచ్చిపోయినట్టు
చదును.
ఎవరో "మంచి పని" అన్నారు.
ఆ రెండు మాటలూ
అంత పరాయిగా ఎప్పుడూ వినపడలేదు.

నాలుగున్నరకి ఒడ్డుకి నడిచాను.
ఎల్లాజీ వల దులుపుతున్నాడు.
రాత్రంతా తిరిగి, ముప్పై లీటర్ల డీజిల్ పోసి
రెండు గంపల కవళ్ళు.
"అప్పికొండేపు నేదు!" పక్క పడవకి కేకేశాడు.
"ఈ వారం అటెల్లకండి."
పక్క పడవవాడు తలూపి
దాన్ని ఎక్కడో రాసుకున్నాడు,
కాగితం లేకుండా.

నేను రాయబోయేదీ ఆ వాక్యమే.
ఇరవై పేజీలు, ఆరువందల పేర్లు,
గ్రీకు అక్షరాలు, అడుగున చిన్న గీతలు:
ఇంత బరువు దాకా వెతికాం.
అటేపు నేదు.

కాసులమ్మ రెండు కానాగంతలు తీసి
నా చున్నీలో వేసింది.
డబ్బులొద్దంది. తర్వాత తీసుకుంది.
"బేగి వొండుకుని తొంగో.
ఈ సచ్చిన సేపకి
నీకన్నా మంచి కళ్ళున్నాయి."

మెట్లెక్కుతుంటే ఫోను కూసింది.
మార్చిలో కొత్త పరుగు.
కిటికీ మళ్ళీ మూసేయమని.
చేతినిండా పొలుసులు.
మోచేత్తో
తలుపు తోశాను.